గాలమును కరుణయు

శాంతిని కోరని మానవుడు లేడు. కాని తాను పొందుచున్న శాంతి ఎచ్చటినుండి వచ్చుచున్నది, దానివలన మరియొక ప్రాణికి బాధ కలుగుచున్నదా అని విచారించువారు అరుదు. వారమంతయు పనిలో నలిగిన మనస్సు సెలవుదినము రాగానే ఊరు విడిచి చెట్లనీడకో, ఏటియొడ్డుకో పరుగెత్తును. అచ్చట కొంత విశ్రాంతి దొరకును. ఆ విశ్రాంతికి మూలమేమో శోధించినచో ధర్మసూక్ష్మములు కొన్ని బయల్పడును. అందుకు వినోదములలో మిక్కిలి శాంతమైనదని పేరుపొందిన యొకదానిని దృష్టాంతముగా గ్రహింపవచ్చును. అది ఇంగ్లండు దేశపు కొండయేరులలో ట్రౌట్ అను చేపకు గాలము వేయుట.

ఇంగ్లండు నడిమిభాగమున బక్‌స్టన్ పట్టణము చేరువనున్న బీడుకొండలలో డవ్ అను చిన్ననది పుట్టి, డార్బిషైరు, స్టాఫర్డ్‌షైరు మండలములకు సరిహద్దుగా ప్రవహించి ట్రెంట్ నదిలో కలియుచున్నది. సున్నపురాతి కొండల నడుమ దాని నీరు అడుగునున్న గులకరాళ్లను లెక్కింపదగినంత తేటగా నుండును. ఈ నదీతీరమున 1674లో కట్టిన చిన్న రాతిగృహమొకటి నేటికిని నిలిచియున్నది. దాని ద్వారముపై ఇద్దరు మిత్రుల పేర్లలోని మొదటి యక్షరములు ఒకదానితో నొకటి పెనవేసి చెక్కబడియున్నవి. ఆ మిత్రులలో ఒకడు ఐజాక్ వాల్టన్. రెండవవాడు అతనికంటె 37 ఏండ్లు చిన్నవాడైన చార్లెస్ కాటన్.

వాల్టన్ 1593లో స్టాఫర్డు పట్టణమున జన్మించి లండనులో వర్తకము చేసి జీవించినవాడు. మొదటి భార్యవలన కలిగిన ఏడుగురు బిడ్డలును చిన్నతనముననే మరణించిరి. 1640లో ఆమెయు గతించెను. 1642లో దేశమున అంతర్యుద్ధము చెలరేగెను. 1649లో రాజగు మొదటి చార్లెసునకు శిరశ్ఛేదము జరిగెను. ఇంటను బయటను ఇంత దుఃఖము చూచినవాడు 1653లో ‘ది కంప్లీట్ యాంగ్లర్’ అను గ్రంథమును ప్రకటించెను. గాలము వేయుట ధ్యానశీలుడైన మానవుని వినోదమని దాని యుపశీర్షికలోనే అతడు చాటెను. 1676లో వెలువడిన ఐదవ ముద్రణమునకు కాటన్ రెండవభాగమును వ్రాసి చేర్చెను. తేటనీటిలో ట్రౌటునకు కృత్రిమకీటకముతో గాలము వేయు విధానము అందలి విషయము. అప్పటికి వాల్టనునకు ఎనుబదియేండ్లు దాటినవి. ఇద్దరి స్నేహమును, ఏటి నిశ్శబ్దమును ఆ గ్రంథము లోకమునకు ఆదర్శముగా నిలిపినది. నేటికిని వేసవి రాగానే ఎందరో మిత్రులు జంటలుగా ఆ నదులకు పోవుట ఈ సంప్రదాయమును బట్టియే.

ఈ విద్య సామాన్యమైనది కాదు. ఇందు వానపామునో, పిండిముద్దనో ఎరగా గ్రుచ్చరు. చిన్న కొక్కెమునకు పట్టుదారముతో పక్షియీకలను, జంతువుల వెండ్రుకలను చుట్టి ఈగను పోలిన బొమ్మను చేయుదురు. మేఫ్లై అను కీటకము ఇందుకు ముఖ్యమైన మాదిరి. అది పిల్లపురుగుగా నదియడుగున బురదలో సుమారు రెండేండ్లు గడపి, వేసవి యారంభమున రెక్కలు ధరించి పైకి లేచును. రెక్కలు వచ్చిన పిదప దానికి ఆహారము తినుటకు తగిన నోరే యుండదు. ఒకటి రెండు దినములలో జతగూడి, గ్రుడ్లు పెట్టి, నీటిపై పడి మరణించును. క్షణభంగురతకు ఇంతకంటె ప్రత్యక్షనిదర్శనము దొరకుట కష్టము. ఆ కీటకము నీటిపై వ్రాలినప్పుడు దానిని మ్రింగుటకు ట్రౌటు పైకి వచ్చును. గాలము వేయువాడు అట్టి రూపమును కల్పించి, ప్రవాహముతోపాటు సహజముగా తేలునట్లు విసరవలెను. దారము ఇసుమంత లాగినను చేప మోసమును కనిపెట్టి తొలగిపోవును.

నీటిలోని చేపకు పైలోకము సుమారు 97 డిగ్రీల కోణము గల గుండ్రని గవాక్షమునుండియే కనబడును. అది ప్రవాహమునకు ఎదురుగా ముఖముంచి నిలుచును. కావున మనుష్యుడు వెనుకనుండి వంగి, అడుగుల చప్పుడు కాకుండ, నీడ నీటిపై పడకుండ సమీపింపవలెను. గాలి ఎటు వీచుచున్నది, నీరు ఎచ్చట సుడిగొనుచున్నది, ఏ పురుగు లేచుచున్నది అని చూచుచుండగా గంటలు నిమిషములవలె గడచును. అప్పులు, వ్యాజ్యములు, పరులు పలికిన పరుషవాక్యములు ఏవియు జ్ఞప్తికి రావు. శ్రీరామకృష్ణులు చెప్పిన అవధూతకథలో గాలము వేయువాడొకడు గురుస్థానము నొందుటకు ఈ ఏకాగ్రతయే కారణము. బాటసారి పలుమారు దారి యడిగినను వాడు వినలేదు. చేపను పట్టిన పిమ్మటనే తల త్రిప్పి, ఏమి యడిగితివని ప్రశ్నించెను. భగవద్ధ్యానమున మనస్సు అట్లు నిలువవలెనని అవధూత గ్రహించెను.

ఇంతవరకు ఈ వినోదమున దోషమేమియు కనబడదు. కాని దారము కొసనున్న కొక్కెమును మరువరాదు. ప్రశ్న అచ్చటనే పుట్టుచున్నది.

దీనిని విచారించుటకు ఇద్దరు మిత్రులను ఊహించుకొనవచ్చును. పెద్దవాడు ఉద్యోగవిరమణ చేసిన ఉపాధ్యాయుడు, నలువదియేండ్లుగా ఏటియొడ్డున తిరిగినవాడు. చిన్నవాడు పట్టణమున కొలువు చేయుచు, ఏడాదికొకమారు మిత్రుని చూడవచ్చువాడు. జూను మాసపు ఒక శనివారమున ఇద్దరును డవ్ నది వంటి కొండయేటికి పోయిరి. కొన్నివారములుగా వానలు లేవు. నీరు తగ్గి, ఎండ తీవ్రముగా నుండెను. మధ్యాహ్నము చిన్నవాని గాలమునకు పెద్ద ట్రౌటు చిక్కెను. దాని తోకపై పాతగాయపు మచ్చ యొకటి కలదు. అది చాలసేపు పెనగులాడి అలసిపోయెను. అతడు దానిని చేతివలలోనికి తీసి, నీటిపైకెత్తి పట్టుకొని, మిత్రునిచేత ఛాయాచిత్రము తీయించుకొని, కొక్కెమును జాగ్రత్తగా విప్పి మరల నీటిలో విడిచెను. చేప క్షణకాలము కదలక నిలిచి, పిదప లోతులోనికి జారిపోయెను.

“చూచితివా మిత్రమా! దానికేమియు కాలేదు. మన సంతోషము మనకు దక్కినది, దాని ప్రాణము దానికి దక్కినది” అని చిన్నవాడు సంతసించెను. పెద్దవాడు చిరునవ్వు నవ్వి యూరకుండెను.

మరునాటి ప్రాతఃకాలమున చిన్నవాడు ఒంటరిగా ఏటివెంట నడచుచుండగా, ఒక చెట్టువేరు నడుమ చిక్కుకొని తెల్లని కడుపు పైకి తేలియున్న చేప కనబడెను. తోకపై మచ్చనుబట్టి అది ఏ చేపయో వెంటనే తెలిసెను. అతడు బసకు మరలి వచ్చి ఆ సంగతి చెప్పెను. పెద్దవాడు చాలసేపు మౌనముగా నుండి, తన సంచిలోనుండి చిన్న ఉష్ణమాపకమును తీసి బల్లపై పెట్టి ఇట్లనెను: “తప్పు నాది. ట్రౌటు చల్లని నీటిలో బ్రదుకు జీవి. నీరు వేడెక్కిన కొలది అందలి ప్రాణవాయువు తగ్గిపోవును. 20 డిగ్రీలకు సమీపించినచో గాలమును మడచివేయవలెనని నాకు తెలియును. ఇది నిన్నయు నా సంచిలోనే యున్నది. నీవు ఏడాదికొకమారు వచ్చితివి, నీ సంతోషమును చెరుపనేల అని దీనిని బయటికి తీయనైతిని.”

ఈ మాటలలో సమస్త విచారమునకు బీజము కలదు. పెద్దవాడు క్రూరుడు కాడు. అతనిని మౌనిగా చేసినది ద్వేషము కాదు, స్నేహమే. తనవానిపై ప్రేమ ఎదుటనున్న మరియొక ప్రాణిని కనబడకుండ చేసినది. తనవారియందు మాత్రమే నిలుచు ప్రేమ మాయయనియు, సర్వభూతములయందు సమముగా ప్రసరించు ప్రేమ దయయనియు శ్రీరామకృష్ణులు వివరించిరి. మాయ చెడ్డరూపముతో వచ్చినచో గుర్తించుట సులభము. మిత్రప్రీతి, పుత్రప్రీతి, అతిథిసత్కారము అను సుందరరూపములతో వచ్చినప్పుడు గుర్తించుట కష్టము. కొక్కెమును ఈకలతో కప్పినట్లే స్వార్థమును ప్రేమతో కప్పుట మనస్సునకు అలవాటు.

ఇక చిన్నవాని వాదమును పరిశీలింపవలెను. పట్టి విడిచిపెట్టుట దయయగునా? ఈ యాచారమును ప్రబలముగా బోధించిన అమెరికా దేశీయుడు లీ వుల్ఫ్, మంచి చేపను ఒక్కమారే పట్టి ముగించుట తగదని 1939లో వ్రాసెను. విడిచిన చేప తరువాత వచ్చు గాలగానికి ఇచ్చిన కానుక యని అతని భావము. దీనివలన ఎన్నో నదులలో చేపలు నశింపకుండ నిలిచినవి. ఇది మేలే. కాని సూక్ష్మముగా చూచినచో ఆ దానమునందు దాతయు ప్రతిగ్రహీతయు ఇద్దరును మానవులే. చేప దేయవస్తువు మాత్రమే. దానికి కలిగిన బాధ ఆ లెక్కలోనికి రాలేదు.

చేపకు బాధయే తెలియదని కొందరందురు. 2003లో లిన్ స్నెడన్ అను శాస్త్రజ్ఞురాలును, ఆమె సహచరులును స్కాట్లండులో చేసిన పరిశోధనమును ప్రకటించిరి. రెయిన్‌బో ట్రౌటు తలభాగమున పరీక్షించిన 58 స్పర్శగ్రాహకములలో 22 హానిని తెలుపునవని తేలెను. పెదవులలో ఆమ్లము ఎక్కించినప్పుడు చేపలు వానిని గులకరాళ్లకు రుద్దుకొనెను, సుమారు 3 గంటలవరకు మేతను ముట్టలేదు. మానవునివంటి మెదడుపొర చేపకు లేదు కావున దానిని మానవుని బాధవంటి బాధ యనరాదని వాదించు శాస్త్రజ్ఞులును కలరు. ఆ వివాదము ముగియలేదు. అయినను ధర్మజిజ్ఞాసువునకు ఒక సంగతి చాలును. సందేహమున్నచోట ఆ సందేహఫలము బలహీనునకు చెందవలెను గాని బలవంతునకు కాదు. పై జ్ఞానమును సంపాదించుటకును చేపలనే బాధింపవలసి వచ్చెనను విషయమును గూడ ఇచ్చట మరువరాదు.

స్విట్జర్లాండు దేశమున 2008లో చేసిన జంతుసంరక్షణ నిబంధనము, విడిచిపెట్టు నుద్దేశముతోనే చేపను పట్టుటను నిషేధించినది. ఆహారమునకై పట్టుటను నిషేధింపలేదు. చంపుట తప్పుకాక విడుచుట తప్పగుట విపరీతముగా తోచును. కాని అందొక న్యాయము కలదు. అవసరమునకై కలిగించు బాధ వేరు, వినోదమునకై కలిగించు బాధ వేరు. బంగాళాఖాతమున తెల్లవారుజామున తెప్ప నెక్కి పోవు పల్లెకారు తన బిడ్డల కడుపు నింపుటకు వల వేయుచున్నాడు. కెరటముతో అతని ప్రాణమును పందెమందే యున్నది. మహాభారతమున ధర్మవ్యాధుడు తన కులవృత్తిని ఆచరించుచునే కౌశికుడను బ్రాహ్మణునకు ధర్మమును బోధింపగలిగెను. వృత్తి చేయువానిని నిందించుటకు ఎవరికిని అధికారము లేదు. విచారింపవలసినది సంతోషమునకై కొక్కెమును ధరించినవాడే.

ఇంతమాత్రమున ఆ వినోదమును ఎరుగనివారు తమను తాము అహింసాపరులమని భావించుకొనరాదు. ఇంగ్లండులోనే జరిగిన యొక వృత్తాంతము కనువిప్పు కలిగించును. డార్బి నగరమున డర్వెంట్ నదిలోనికి ఒక కర్మాగారపు మలినజలమును, నగరపు మురుగును, విద్యుత్కేంద్రపు వేడినీరును వచ్చి చేరుచుండగా చేపలు నశించెను. నదులను రక్షించుటకై గాలము వేయువారు 1948లో ఒక సంఘముగా నేర్పడియుండిరి. వారి యండతో అచ్చటి చిన్న గాలగాండ్ర సమాజమొకటి న్యాయస్థానమునకెక్కి 1953లో ఉన్నతన్యాయస్థానమునందును గెలిచెను. ఒకటి రెండు చేపలను కొక్కెమున గ్రుచ్చువారే వేలకొలది చేపలను కాపాడిరి. చేపను చేతితో తాకనైనను తాకనివారే నదిలో విషము పోసిరి. ఏటిలోనికి ఇంటి చెత్తను త్రోసి, పిదప శాకాహారనియమమును గూర్చి గర్వించువాడు ఈ వృత్తాంతమును స్మరింపవలెను. చేయి తగులనంతమాత్రమున హింస తొలగిపోదు.

అట్లయిన గాలగాని ప్రేమ నిజమైనదేనా? నిజమైనదే, కాని అపరిపూర్ణమైనది. అది పరిపూర్ణమగుట ఎట్లో మహాభారతమున అనుశాసనపర్వములోని చ్యవనోపాఖ్యానము తెలుపుచున్నది. చ్యవనమహర్షి గంగాయమునల సంగమమున నీటిలో మునిగి పండ్రెండేండ్లు వ్రతము సల్పెను. చేపలు ఆయనకు చేరువగా నిర్భయముగా తిరుగుచుండెను. ఒకనాడు జాలరులు వల లాగగా చేపలతోపాటు మహర్షియు గట్టునకు వచ్చెను. జాలరులు భీతిల్లి క్షమింపవేడిరి. మహర్షి వారిని శపింపలేదు. ఊపిరాడక కొట్టుకొనుచున్న చేపలను చూచి నిట్టూర్చి, చిరకాలము తనతో కలిసి నివసించిన వీనిని విడువజాలననియు, వీనితోనే మరణమో విక్రయమో తనకును కావలెననియు పలికెను. నహుషమహారాజు వచ్చి వేయి మొదలు కోటివరకును, సగము రాజ్యమువరకును, పిదప సర్వరాజ్యమువరకును వెల యీయజూపెను. ఏదియు తగినది కాలేదు. తుదకు గోవును వెలగా నిర్ణయించి ఆయనను విడిపించిరి. మహర్షి యనుగ్రహమున జాలరులును చేపలును స్వర్గము నొందిరి.

ఇచ్చట గమనింపదగిన విషయము కలదు. మహర్షియు గాలగాడును ఇద్దరును నీటియొద్ద నిశ్చలముగా నిలిచినవారే. ఇద్దరికిని ఏకాగ్రత కలదు. కాని ఒకని నిశ్చలత్వము చేపకు అభయమైనది, మరియొకని నిశ్చలత్వము చేపకు ఉరియైనది. ఏకాగ్రత స్వయముగా పుణ్యము కాదు. కొంగకును ఏకాగ్రత కలదు. దాని విలువ అది దేనిని కోరుచున్నదో దానిని బట్టి నిర్ణయింపబడును. మరియు మహర్షి తనతో వసించినవానినందరిని మిత్రులుగా ఎంచెను. సహవాసమే స్నేహమునకు హేతువైనచో, ఒడ్డునున్నవాడు మిత్రుడును నీటిలోనున్నది ఆటవస్తువును ఎట్లగును?

ఆ యిద్దరు మిత్రుల కథకు మరలవచ్చును. ఆ యాదివారమున వారు ఏటికి పోయిరి. పెద్దవాడు ఉష్ణమాపకమును నీటిలో ముంచి చూపెను. అది 20 డిగ్రీలను దాటెను. చిన్నవాడు తన గాలపుకర్రను విప్పి సంచిలో పెట్టెను. తొలుత అతనికి కొంత కష్టముగనే యుండెను. ఏడాదిపాటు ఎదురుచూచిన దినము వ్యర్థమైనదని మనస్సు గొణిగెను. కాని చెట్టునీడను కూర్చుండి నీటిని చూడగా చూడగా, నిన్న తాను పొందిన సుఖమంతయు అచ్చటనే యున్నదని తెలిసెను. నీటి చప్పుడు మారలేదు, మిత్రుని సాన్నిధ్యము మారలేదు, లేచుచున్న కీటకములను వెదకు చూపు మారలేదు. లేనిది కొక్కెము మాత్రమే. సాయంకాలమున నీరు చల్లబడగా ఒక ట్రౌటు పైకి వచ్చి మేఫ్లైని మ్రింగి పోయెను. ఇద్దరును ఒకేమారు దానిని చూచి ఒకరి ముఖము నొకరు చూచుకొనిరి.

“ఇన్నియేండ్లు నేను దీనికొరకే వచ్చుచుంటినేమో” అని పెద్దవాడు మెల్లగా పలికెను.

మానవుడు ఒక్కమారుగా శిఖరము నెక్కజాలడు. పొట్టకొరకు చంపువాడు అవసరమైనంతకు మించి చంపకుండుట ఒక మెట్టు. వినోదమునకై పట్టువాడు ప్రాణముతో విడుచుట మరియొక మెట్టు. కొందరు కొక్కెపు మొనను తెంచివేసి, చేప పైకి వచ్చి బొమ్మను తాకిపోవుటతోనే తృప్తినొందుచున్నారు. ఇదియు ఒక మెట్టు. ఏమియు విసరక ఊరక చూచి సంతసించుట వానికి పైది. ఏ మెట్టుననున్నవానిని నిందింపరాదు, ఏ మెట్టును గమ్యమని భ్రమపడరాదు. ఆచారమును విమర్శించుకొనుటకు సాధకునకు ఒక్క ప్రశ్న చాలును: నాకు కలుగుచున్న ఈ శాంతి, నా యెదుటనున్న ప్రాణికిని శాంతియేనా?

ఈ ప్రశ్న ఏటియొడ్డునకే పరిమితము కాదు. ఇంటిలో పెద్దల విశ్రాంతికై పిన్నలును, యజమాని సుఖమునకై సేవకులును మౌనముగా భరించుచున్నదేమో చూచుకొనుటకును ఇదియే కొలత. బాధించిన పిదప విడిచిపెట్టుటకంటె బాధింపకముందే ఆగుట మేలు. ఉష్ణమాపకము ప్రతివాని సంచిలోను ఉన్నది. దానిని సకాలమున బయటికి తీయుటయే వివేకము, తనవారి ముచ్చటకు లొంగక తీయుటయే దయ.